బొడ్డగిరి రాజావారి అథారిటీ బిళ్ళలు

కొండలకు ఇవతల, సముద్రానికి అవతల కాకుండా నడుమ ఎక్కడో బొడ్డగిరి అనే సంస్థానం ఉండేది. రాజ్యం అనడానికి నాలుక కాస్త తడబడేంత చిన్నది. పొద్దున్నే గుర్రమెక్కి బయలుదేరితే మధ్యాహ్నం భోజనాల వేళకు పొలిమేర తగిలేది. అయినా కోట ఉంది, కోటకు పెద్ద తలుపు ఉంది, పెద్ద తలుపులో మనిషి వంగి దూరేటంత దిడ్డి తలుపు ఉంది. సింహాసనం ఉంది, దాని మీద శ్రీ చంద్రచూడ భూపతి బహద్దరు వారు ఉన్నారు. ఇన్ని ఉన్నాక రాజ్యం కాదని మనం అనడం ఎందుకు?

రాజావారు చెడ్డవారు కారు. ఒకరి సొమ్ముకు ఆశపడరు, ఒకరి ఊసుకు పోరు. ఆయనకున్న జబ్బల్లా అనుమానం. పాల మీద మీగడ పలచగా ఉంటే వంటవాడు కాజేశాడని అనుమానం. మందంగా ఉంటే, వీడు ఇంతలా కాకా పడుతున్నాడంటే ఏం తప్పు చేశాడోనని అనుమానం.

ఆ కోటలో ఒక ఆచారం ఉండేది. దర్బారు రోజున రాజావారు పక్కగదిలో తెర వెనక నిలబడాలి. ఇవతల ఆస్థాన భట్టు గొంతెత్తి రాజావారి బిరుదులన్నీ చదివి, "బహుపరాక్, బహుపరాక్" అని హెచ్చరిక చెప్పాలి. అది విన్నాకే బంట్లు తెర తీయాలి, అప్పుడే సభ లేచి నిలబడాలి. హెచ్చరిక లేకుండా లేచినవాడికి శిక్ష.

ఈ ఆచారం పెట్టింది రాజావారి తాతగారు. ఆయన కాలంలో ఒక పగటివేషగాడు అచ్చంగా రాజావారి వేషం కట్టుకుని, దర్జాగా నడిచివచ్చి సింహాసనం మీద కూర్చున్నాడు. సభంతా లేచి దండాలు పెట్టింది. అసలు రాజావారు వెనకనుంచి వచ్చేసరికి ఆయన్ను చూసి లేచినవాడు లేడు, అందరూ అప్పటికే లేచి ఉన్నారు గనక. ఆ పగటివేషగాడికి తాతగారు మంచి బహుమానమే ఇచ్చి పంపారు. మర్నాడే ఈ శాసనం చేశారు. మనవడికి ఈ కథంటే ప్రాణం. తనలాంటి అనుమానం తాతగారికీ ఉండేదని ఆయనకు అదో ఊరట.

ఇప్పటి ఆస్థాన భట్టు పేరు ఎల్లంభట్టు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గొంతు మాత్రం కంచుగంట. నోరు తెరిస్తే నవ్వించడమో, నవ్వుతూ గుచ్చడమో తప్ప మూడోది చేతకాదు.

ఇలా ఉండగా ఒక చలికాలంలో తెల్లదొర ఒకడు వేటకని వచ్చి కోటలో దిగాడు. రాజావారు విందు చేశారు. రాజావారికి ఇంగ్లీషు రాదు, దొరకు తెలుగు రాదు. అందుకని దివాను సర్వోత్తమ పంతులు ఇద్దరి నడుమ కూర్చుని, అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తున్నారు. నెయ్యి వేసిన పులావు నములుతూ దొర ఏదో అడిగాడు. అందులో ఒక మాట రాజావారి చెవికి గుచ్చుకుంది.

"అథారిటీ అంటున్నాడు, ఏమిటది?" అన్నారు రాజావారు.

"ఈ కోటలో అథారిటీ ఎవరిది అని అడుగుతున్నారండీ. అంటే అధికారం. ఎవరు సరే అంటే పని జరుగుతుందో, ఎవరు వద్దంటే ఆగిపోతుందో, ఆ మాటకున్న బలాన్ని వాళ్ళు అథారిటీ అంటారు. వాళ్ళలో చిన్న బంట్రోతు సైతం తలుపు తీసేముందు, ఎవరి అథారిటీతో తీయమంటారు అని అడుగుతాడు."

"మాదే అని చెప్పు."

పంతులు చెప్పారు. దొర తల ఊపాడు. ఊపి, మర్నాటి వేటకు ఏనుగు దొరుకుతుందా అని పంతులు మొహం చూస్తూ అడిగాడు. పంతులు, ఒకటేమిటి రెండు ఇప్పిస్తాం అన్నారు. దొర పంతులు చెయ్యి పట్టుకుని ఊపాడు.

పాపం, దొర పంతులు మొహం చూడక ఇంకెవరి మొహం చూస్తాడు? ఇంగ్లీషు వచ్చింది ఆయనొక్కడికే. కానీ రాజావారికి ఆ పూట ముద్ద దిగలేదు. అథారిటీ ఎవరిదని అడిగి, జవాబు విని, ఏనుగును మాత్రం దివానును అడిగాడేం? దొరకు ఏదో తెలిసే ఉండాలి.

దొర వెళ్ళిపోయాడు గానీ ఆ మాట మాత్రం కోటలోనే ఉండిపోయింది. రాజావారు పొద్దున లేస్తూనే దివానును పిలిపించారు.

"పంతులూ, మా ఏనుగును ఇవ్వడానికి నీకు అథారిటీ ఎవరిచ్చారు?"

"తమరేనండీ."

"ఎప్పుడు?"

పంతులు బుర్ర గోక్కున్నారు. నిజానికి ఆయన్ను దివానుగా పెట్టింది ఈయన తండ్రిగారు, పెద్దరాజావారు. ఈయన వద్దనలేదు గనక ఆయన మానలేదు. అంతే.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు, అనుకున్నారు రాజావారు. ఆ రోజంతా కోటంతా తిరిగారు. గుర్రాలకు ఉలవలు పెడుతున్నవాణ్ణి, ఎవరి అథారిటీతో పెడుతున్నావు అన్నారు. వాడు ఉలవల బుట్ట కిందపెట్టి నిలబడ్డాడు. దీపాలకు నూనె పోస్తున్న దాసీని అడిగారు. ఆమె వత్తి ఆర్పేసింది. ఏ ఒక్కరూ, ఫలానా రోజున తమరు చెప్పారు ప్రభూ అనలేకపోయారు. ఎవరి పాటికి వాళ్ళు చేసుకుపోతున్నారు. కోట తనంతట తాను నడుస్తోంది. తను లేకపోయినా ఈ ఉలవలు, ఈ దీపాలు ఇలాగే ఉంటాయి కాబోలు అన్న భయం రాజావారిని పట్టుకుంది. ఆ భయాన్ని ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే దాన్ని పట్టుకుని ఎవడేం చేస్తాడోనని మళ్ళీ అనుమానం.

శుక్రవారం దర్బారులో శాసనం బయటికి వచ్చింది. ఇకమీదట కోటలో చిన్నపనైనా పెద్దపనైనా రాజావారి అథారిటీ లేకుండా జరగకూడదు. అథారిటీకి గుర్తుగా ఇత్తడి బిళ్ళ ఇవ్వబడుతుంది. బిళ్ళ లేకుండా పని చేసినవాడు కుటుంబంతో సహా పొలిమేర దాటాలి.

"బిళ్ళలు దివాణంలో పంచమంటారా?" అని అడిగారు పంతులు.

"నువ్వు పంచితే అథారిటీ నీదవదూ? దర్బారులో, సింహాసనం మీద కూర్చుని, మా చేత్తో మేమే ఇస్తాం. మరోచోట మరొకరు ఇచ్చింది చెల్లదు."

"చిత్తం."

"ఇంకో మాట. ఒకసారి ఇస్తే అది తాతల నాటి హక్కు అనుకుంటారు. వచ్చే శుక్రవారం పొద్దు పొడిస్తే పాత బిళ్ళలు చెల్లవు. దర్బారుకు వచ్చి మళ్ళీ పుచ్చుకోవాలి."

ఒక్కొక్కరే తల వంచుకుని వచ్చి, రాజావారి చేతి మీదుగా ఆ వారం బిళ్ళ పుచ్చుకున్నారు. ఎల్లంభట్టు మాత్రం ఒక్కసారి తల ఎత్తి తెర వైపు, మరోసారి సింహాసనం వైపు చూసి, తల దించుకున్నాడు. అది రాజావారి కంట పడింది. ఎందుకు చూశాడా అని ఆ పూటంతా ఆలోచించారు గానీ అంతుచిక్కలేదు.

ఆ వారం ఊళ్ళో ఎక్కడ విన్నా ఆ మాటే. పప్పులో కాస్త ఉప్పు ఎక్కువైతే అత్తలు కోడళ్ళను, ఎవరి అథారిటీతో వేశావు అని నిలదీశారు. సంతలో బేరం కుదరకపోతే, పోవయ్యా నీకేం అథారిటీ ఉంది అని కసురుకున్నారు. అర్థం తెలిసినవాళ్ళు తక్కువ, వాడనివాళ్ళు లేరు.

బుధవారం దీపాల వేళ. రాజావారు మేడ మీద చీకట్లో నిలబడి, బిళ్ళ లేకుండా ఎవడేం చేస్తాడా అని కాపు కాస్తున్నారు. తలుపులు మూసే నగారా మోగింది. ఆ తర్వాత కోట తలుపు తీయడానికి ఎవరికీ బిళ్ళ ఇవ్వలేదు. అయినా కిర్రుమని చప్పుడైంది. చూస్తే దిడ్డి తలుపు తెరుచుకుంది. ముసుగు వేసుకున్న ఆకారమొకటి వంగి బయటికి పోయింది. తలుపు పట్టుకుని నిలబడింది కావలి దాలినాయుడు. వాడు పెద్దరాజావారి కాలం నుంచీ ఆ తలుపు దగ్గరే ఉన్నాడు.

దొరికాడు, అనుకున్నారు రాజావారు.

మర్నాడు పొద్దున దాలినాయుణ్ణి వసారాలోకి రప్పించారు.

"ఎవర్ని పంపావు రాత్రి?"

"మంత్రసాని నూకాల్ని బాబూ. సాలీల ఈదిలో ఓ గుంట నొప్పులు పడతంది. బిడ్డ అడ్డం తిరిగిందంట. దాని పెనిమిటి తలుపుకాడ కూకుని ఏడుస్తంటే తీసినాను."

"నమ్మమంటావు."

"తల్లీ పిల్లా దక్కినారు బాబూ. సూసి రమ్మనండి ఎవుల్నైనా."

"మంత్రసానికి తీసినవాడివి రేపు శత్రువుకు తీయవని ఏమిటి నమ్మకం? ఏ అథారిటీతో తీశావు?"

దాలినాయుడు మొల తడిమి చూసుకున్నాడు. "నాకాడ అది లేదు బాబూ. తాళంసెవి ఉంది, తీసినాను."

రేపటి దర్బారులో శిక్ష చదివిస్తాం, చదివిన పూటే పొలిమేర దాటాలి, అన్నారు రాజావారు. దాలినాయుడు మొలనున్న తాళంచెవి తీసి రాజావారి పాదాల దగ్గర పెట్టాడు. ఎప్పట్నుంచో మొలలో ఉన్న బరువు కదా, అది లేకపోతే నడక కూడా మారిపోతుంది. గుమ్మం దగ్గర పడబోయి గోడ పట్టుకున్నాడు.

ఎల్లంభట్టు అక్కడే ఉన్నాడు. "మహాప్రభూ, ఆ ముసలాడికి వేరే ఊరు తెలియదు. ఎక్కడికి పోతాడు?"

"వాడి తరఫున మాట్లాడే అథారిటీ నీకెవరిచ్చారు?"

ఎల్లంభట్టు చేతులు కట్టుకున్నాడు. "పొరపాటైంది మహాప్రభూ. లేనిదాంతో మాట్లాడాను. ఇకమీదట బిళ్ళ లేకుండా నోరు విప్పను. పెదవి కూడా కదపను."

భట్టు ఇంత తేలిగ్గా ఊరుకున్నవాడు కాదు. వీడి మనసులో ఏదో ఉంది, అనుకున్నారు రాజావారు. అనుమానం ఆయనకు కొత్తకాదు గానీ, ఈసారి అది సరైన గుమ్మం ముందే ఆగింది.

శుక్రవారం తెల్లవారింది. రాజావారికి వేడినీళ్ళు రాలేదు. గంజి రాలేదు. మంగలి రాలేదు. పిలిస్తే పనివాడు వచ్చి దూరంగా నిలబడి, "పొద్దు పొడిచింది ప్రభూ, మా బిళ్ళలు చెల్లవు" అన్నాడు.

నిజమే కదా, దర్బారులో ఇచ్చేద్దాం అనుకుని రాజావారు తనంతట తానే అంగీ తొడుక్కున్నారు. బొత్తాములు ఒకదాని కాజాలో ఒకటి పడ్డాయి. తలపాగా చుట్టుకుంటే ఒకపక్కకు ఒరిగింది. ఖాళీ కడుపుతో, గరుకు గడ్డంతో వెళ్ళి తెర వెనక నిలబడ్డారు.

నిలబడ్డారు, నిలబడే ఉన్నారు. అవతల సభ నిండి ఉంది. దగ్గులు వినిపిస్తున్నాయి. హెచ్చరిక మాత్రం రాలేదు.

"భట్టూ," అన్నారు చివరికి.

"ఎవరండీ తెర వెనక?"

"నేనే."

"నేనే అంటే చాలామంది ఉంటారండి."

"ఎల్లంభట్టూ, వేళాకోళమా? హెచ్చరిక చెప్పు."

"చెప్పాలంటే బిళ్ళ కావాలండి. పెదవి కదిపితే పొలిమేర దాటాలి. ఈ నాలుగు ముక్కలూ వివరం చెప్పడానికే అంటున్నాను, వీటికీ శిక్ష ఉంటే తర్వాత వేయండి."

తెర కింద నుంచి ఒక ఇత్తడి బిళ్ళ జారుకుంటూ ఇవతలికి వచ్చింది. "ఇదిగో, తీసుకో."

ఎల్లంభట్టు వంగి చూశాడు గానీ ముట్టుకోలేదు. "బిళ్ళ మంచిదేనండి. కానీ ఇది తెర కింద నుంచి వచ్చింది. సింహాసనం మీద కూర్చుని రాజావారు స్వయంగా ఇస్తేనే చెల్లుతుందని శాసనం."

"అయితే తెర తీయించు, వచ్చి కూర్చుంటాను."

"తెర తీసే బంట్ల బిళ్ళలూ చెల్లవండి. అయినా హెచ్చరిక వినకుండా వాళ్ళు తీయరు. అది తాతగారి శాసనం."

రాజావారి మొహం కందగడ్డయింది. తెర తనే లాగి లోపలికి వచ్చేశారు. ఆపడానికి కావలివాళ్ళకు బిళ్ళ లేదు. సభలోకి నడిచారు.

ఎవరూ లేవలేదు.

దివాను పంతులు తివాచీ మీద పువ్వులు లెక్కపెడుతున్నట్టు చూపు కిందికి దించుకున్నారు. లేస్తే తాతగారి శిక్ష, లేవకపోతే మనవడి కోపం, ముందు నుయ్యి వెనక గొయ్యి. రాజావారు వెళ్ళి సింహాసనం మీద కూర్చున్నారు.

"కూర్చున్నాను. ఇప్పుడు పుచ్చుకో బిళ్ళ."

ఎల్లంభట్టు ఆయన్ను తేరిపార చూశాడు. ఒరిగిన తలపాగా, తప్పిన బొత్తాములు, మాసిన గడ్డం. "పగటివేషగాడు కూడా అక్కడే కూర్చున్నాడండి, అయ్యా. ఆనాడు వాడి వేషం ఇంతకంటే కుదురుగా ఉండేదట."

మహాప్రభూ అనలేదు, అయ్యా అన్నాడు. రాజావారికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

"నన్ను ఎరగరా మీరు?" అని సభను అడిగారు. గొంతులో కోపం ఉండాలనుకున్నారు గానీ భయం వినిపించింది. "ఒక్కరూ ఎరగరా?"

అందరూ ఎరుగుదురు. నోరు విప్పినవాడు లేడు. ఇన్నాళ్ళూ రాజావారిని మేడ మీద నిద్రపోనివ్వని భయం ఇదే. ఎదురుగా సభ నిండా మనుషులు, వాళ్ళ నడుమ తను ఎవరూ కాదు. కుట్ర చేసినవాడు ఒక్కడూ లేడు, అందరూ తన శాసనాన్నే పాటిస్తున్నారు. ఎవరి మీద అనుమానపడాలో కూడా ఆయనకు తెలియలేదు.

అప్పుడు సభ చివర, శిక్ష వినడానికి నిలబెట్టిన దాలినాయుడు ముందుకు వచ్చాడు. నేరస్థుడు గనక వాడు మొదటినుంచీ నిలబడే ఉన్నాడు, లేవాల్సిన పని లేకపోయింది. సింహాసనం ముందు రెండు చేతులూ ఎత్తి వంగాడు.

"దండాలు మారాజా."

రాజావారు వాణ్ణే చూస్తూ అడిగారు.

"హెచ్చరిక లేదు. బిళ్ళ లేదు. ఎవరి అథారిటీతో పెట్టావు దండం?"

"ఎవులూ ఇయ్యలేదు బాబూ. మీరు కూకుంటే మావు దండం పెట్టాల గదా. అందుకు ఒకల్ని అడగాలా ఏటి?"

ఎల్లంభట్టు ఇక ఆగలేదు. కంచుగంట గొంతు తగ్గించి, మెల్లగా అన్నాడు.

"అయ్యా, వీడు ఎవర్నీ అడగకుండా రెండు పనులు చేశాడు. బుధవారం దిడ్డి తలుపు తీశాడు, ఇవాళ దండం పెట్టాడు. తలుపు నేరమైతే దండమూ నేరమే. అప్పుడీ సభలో తమరికి దండం పెట్టినవాడు ఒక్కడూ మిగలడు. దండం చెల్లితే తలుపూ చెల్లుతుంది. రెండూ ఒకే మనిషి చేతులు. ఏది పుచ్చుకుంటారో తమరి చిత్తం."

రాజావారు దాలినాయుడి చేతులకేసి చూశారు. అవి ఇంకా జోడించే ఉన్నాయి. ఆ దండం తీసి పారేస్తే తనకిక మిగిలేదేమిటో ఆయనకు బాగానే అర్థమైంది.

నడుముకు దోపుకున్న తాళంచెవి తీశారు. సింహాసనం దిగివచ్చి దాలినాయుడి చేతిలో పెట్టారు.

"తీసుకో. దండం పుచ్చుకున్నాం. నొప్పులు పడే మనిషి కోసం తీసే తలుపుకు ఇకమీద ఎవర్నీ అడగొద్దు."

దాలినాయుడు తాళంచెవిని కళ్ళకద్దుకున్నాడు. అంత పెద్దమనిషి బావురుమన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఎల్లంభట్టు ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. "శ్రీమద్బొడ్డగిరి సంస్థానాధీశ్వర, శ్రీ చంద్రచూడ భూపతి బహద్దరు వారు వేంచేస్తున్నారు, బహుపరాక్, బహుపరాక్" అని కోట గోడలు అదిరేలా అందుకున్నాడు. సభంతా ఒక్క ఉదుటున లేచింది. పంతులు అందరికంటే ముందు లేచి అందరికంటే వెనక కూర్చున్నారు.

"వేంచేసి చాలాసేపైందిరా" అన్నారు రాజావారు. ఆ మాట అంటూ ఉండగానే పెదవుల మీద నవ్వు మొలిచింది. అది ఆగలేదు, పొట్ట పట్టుకుని నవ్వారు. ఒరిగి ఉన్న తలపాగా ఊడి కింద పడింది. దాన్ని తీసి ఇవ్వడానికి పదిమంది పరిగెత్తారు, ఒక్కరూ బిళ్ళ అడగలేదు.

ఎల్లంభట్టుకు జరీ శాలువా కప్పారు. బిళ్ళలన్నీ పోగుచేయించి, కరిగించి, సాలీల వీధిలో పుట్టిన బిడ్డకు ఉగ్గుగిన్నె చేయించి పంపారు. ఇత్తడి మిగిలితే దిడ్డి తలుపుకు గంట పోయించారు.

కానీ పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు. సభ ముగిశాక రాజావారు భట్టును పక్కకు పిలిచారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"నిజం చెప్పు. దాలినాయుడి చేత ఆ దండం పెట్టించింది నువ్వేనా?"

ఎల్లంభట్టు శాలువా సర్దుకున్నాడు. "మహాప్రభూ, నేనే పెట్టించానంటే ఆ అథారిటీ నాదవుతుంది. వాడంతట వాడే పెట్టాడంటే తమరిదవుతుంది. ఏది చెప్పమంటారు?"

రాజావారు మళ్ళీ నవ్వారు. తన మెడలోని ముత్యాలదండ తీసి భట్టు మెడలో వేశారు.

"చెప్పకు" అన్నారు.